సవరమ్మ పేరు మీద కొవ్వు

"నలభై అయిదు నిండి యాభై అయిదు దాటని ప్రతి మహిళా తన కాన్పుల చరిత్రను, రక్తంలోని కొవ్వు వివరాలను, దేశ భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని నిర్భయంగా, నిస్సంకోచంగా, సంతోషంగా వెల్లడించవలెను."

ఆగిరిపల్లి అవతల మామిడితోటల మధ్యనున్న ఆ ఊళ్లో, సచివాలయం గోడకి ఈ ప్రకటన అంటించింది ఆశా కార్యకర్త సుసన్నా. మర్నాటికల్లా ఊళ్లో ఒక వింత జరిగింది. నలభై అయిదుకీ యాభై అయిదుకీ మధ్య ఒక్క ఆడమనిషి కూడా మిగల్లేదు. సగం మంది నలభై నాలుగు దగ్గర ఆగిపోయారు. తతిమ్మా సగం ఒక్క గెంతులో యాభై ఆరు చేరుకున్నారు. కిందటి నెలలోనే బీపీ చూపించుకుంటూ "నలభై తొమ్మిదమ్మా" అని చెప్పినావిడ కూడా, ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి, "అప్పుడేదో తప్పు చెప్పుంటాను సుసన్నా, మా ఇంట్లో అందరికీ లెక్కలు తక్కువ" అని తలుపు వేసుకుంది.

సుసన్నాకి ఇరవై ఏడేళ్లు. ఊళ్లో బడిలోనే పదో తరగతి దాకా చదివింది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ వింటుంది. అందుకే ఊళ్లో ఎవరికి ఏ మాత్ర పడుతుందో, ఎవరికి ఏ మాట పడదో ఆ పిల్లకి బాగా తెలుసు. ఆమెకి పైనుంచి వచ్చిన లక్ష్యం ముప్పై మంది. మెడికల్ కాలేజీ నుంచి వచ్చే డాక్టర్ ప్రసన్న పరిశోధనకి ముప్పై ఫారాలు, ముప్పై సీసాల రక్తం కావాలి. ఎన్నో ఏట పెద్దమనిషి అయ్యారు, ఎన్ని గర్భాలు, ఎన్ని కాన్పులు, బిడ్డకి ఎన్నాళ్లు పాలిచ్చారు, నెలసరి ఆగిందా, ఆగితే ఎప్పుడు. ఆ వయసులో చాలామంది ఆడవాళ్లకి చెడ్డ కొవ్వు పెరుగుతుందట. ఈ చరిత్రకీ ఆ కొవ్వుకీ లంకె ఎంతవరకు ఉందో చూడాలట.

ఊరి ఆడవాళ్లని ఒప్పించే బాధ్యత మహిళా సంఘం అధ్యక్షురాలు సీతారావమ్మగారు తీసుకున్నారు. ఆవిడ జగన్మోహనరావుగారి భార్య. ఊరికి ఉత్తరాన ఉన్న ఇరవై ఎకరాల చిన్నరసాల తోట వాళ్లదే. సచివాలయంలో సభ పెట్టించి, మైకు పట్టుకుని ఆవిడ అన్నారు:

"అమ్మలారా, అక్కలారా. మన అసలు జబ్బు కొవ్వు కాదు, సిగ్గు. వయసు చెప్పడానికి సిగ్గు. ఒంటి సంగతి చెప్పడానికి సిగ్గు. ఈ సిగ్గుని ఈ రోజు ఈ హాల్లోనే వదిలేసి ఇంటికెళదాం."

చప్పట్లు మోగాయి. ఫారాల కట్ట విప్పి, డాక్టర్ ప్రసన్న నవ్వుతూ అడిగింది. "అయితే మొదటి పేరు మీదే రాద్దామా మేడమ్?"

సీతారావమ్మగారు మైకు కిందపెట్టారు. "రాయండమ్మా, నాకేం అభ్యంతరం. కానీ నాకింకా నలభై నాలుగే. రూలు ఒప్పుకోదు కదా" అన్నారు దిగులుగా.

ఆవిడకి నలభై నాలుగు నిండి అప్పటికి తొమ్మిదేళ్లయింది. ఆవిడ కొడుకు ప్రేమ్‌చంద్‌కి ముప్పై మూడు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఆవిడ పదకొండో ఏట తల్లయినట్టు తేలుతుంది గనక, ఊళ్లో మర్యాద తెలిసిన వాళ్లెవరూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టరు.

డాక్టరమ్మకి మర్యాద తెలిసినా ఊరు తెలియదు. "మీరు ముందు నిలబడితేనే మిగతావాళ్లు వస్తారు మేడమ్. ఒక్క ఏడాదేగా, సర్దుకోండి. ఎలాగూ పేర్లు బయటికి రావు, అన్నీ నెంబర్లే. మీరు నెంబర్ ఒకటి" అని, ఆవిడ చేతికి ఒకటో నెంబరు చీటీ ఇచ్చి, అందరి ముందూ ఫొటో తీయించింది. రహస్యం అలా మొదలైంది.

దేశం కోసం సీతారావమ్మగారు నలభై అయిదుకి ఒప్పుకున్నారు. ఆ రోజు ఇంటికెళ్లాక ఆవిడకి అన్నం సయించలేదని కోడలు సాయి ప్రియ చెప్పింది.

వయసు ఒక్కటే అయితే ఆవిడ సర్దుకునేవారే. ఫారంలో ఆరో ప్రశ్న దగ్గరుంది చిక్కంతా. నెలసరి ఆగిందా, ఆగితే ఎప్పుడు.

ఆ ఇంట్లో ఆచారం గట్టిది. నెలకి మూడు రోజులు ఇల్లాలు వంటింటి గడప తొక్కదు. వీధివైపు గదిలో మంచం, ఆ మంచానికి ఎదురుగా టీవీ, టీవీకి ఎదురుగా సీతారావమ్మగారు. కాఫీ దగ్గర్నుంచి మజ్జిగన్నం దాకా కోడలు అందించాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ ఎరిగిన సెలవులంటే అవే. అయిదేళ్ల కిందట ఒంట్లో ఆ వ్యవహారం కాస్తా ఆగిపోయింది. ఆగిపోయిందని చెబితే సెలవు పోతుంది. పేరంటాల్లో ముందు వరస కుర్చీ పోతుంది. "పెద్దావిడ" అన్న పిలుపు వస్తుంది. అందుకని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నెలనెలా బయట చేరుతూనే ఉన్నారు.

సుసన్నాకి ఈ సంగతి రెండేళ్ల కిందటే అనుమానం వచ్చింది. ఆ వయసు ఆడవాళ్లందరికీ నెల అటూ ఇటూ అవుతుంది. ఒకరికి ఇరవై రోజులకి, ఒకరికి రెండు నెలలకి. సీతారావమ్మగారికి మాత్రం ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్న సీరియల్ వేళకి ముందే వచ్చేస్తుంది. నిజంది అయితే అంత కచ్చితంగా ఉండదు. కానీ అడిగిన వాళ్లెవరూ లేరు గనక సుసన్నా చెప్పలేదు.

రక్తం తీసే రోజు పొద్దున్నే సీతారావమ్మగారు సుసన్నాని పెరటివైపు వసారాలోకి పిలిపించారు. అక్కడ రెండో నెంబరు చీటీ పట్టుకుని సవరమ్మ కూర్చుని ఉంది. సవరమ్మకి యాభై ఒకటి. చర్చి పక్క వీధిలో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ తోటలో కాయ ఏరడం, వరిగడ్డి పరిచి పెట్టెలు కట్టడం, మోయడం ఆమె పని.

"చూడు సుసన్నా, పరీక్ష నేను చేయించుకోవాల్సిందే. ఉంగుటూరులో మా అక్కకి నిరుడు గుండెకి ఆపరేషన్ అయింది. నాకూ మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోంది, రాత్రిళ్లు భయమేస్తోంది. కానీ నా పేరు మీద ఆ ప్రశ్నలకి జవాబు రాయించలేను. కాబట్టి నా రక్తం సవరమ్మ పేరు మీద రాయి. సవరమ్మది నా పేరు మీద రాయి" అన్నారు సీతారావమ్మగారు.

ఆవిడకి ఇందులో వింతేమీ కనిపించలేదు. ఆ ఇంటికి రెండో గ్యాస్ బండ సవరమ్మ పేరు మీదే వస్తుంది. మందు కొట్టే మిషను సబ్సిడీ సవరమ్మ పేరు మీదే వచ్చింది. ఉచిత కుట్టుమిషను కూడా అంతే. సవరమ్మ చేతికి రానివన్నీ సవరమ్మ పేరు మీద ఉన్నాయి. ఇప్పుడు కొంచెం కొవ్వు కూడా ఉంటే ఏం పోయింది.

"నాకేం అభ్యంతరం లేదు గానీ, తర్వాత ఇబ్బందేం రాదుగా అమ్మగారూ?" అంది సవరమ్మ.

"నెంబర్లేనే, పేర్లు కావు. ఎవరు చూడొచ్చారు?"

సుసన్నా నోరు విప్పబోయింది. గోడ మీది ఫొటో చూసి ముందుకొచ్చినవాళ్లవి అప్పటికి ఆమె దగ్గర ఇరవై ఎనిమిది ఫారాలున్నాయి. ఈ రెండూ కలిస్తే ముప్పై. ఆమె నోరు మూసుకుని పెన్ను తెరిచింది.

నెంబర్ రెండు, సవరమ్మ అని రాసిన ఫారంలో సీతారావమ్మగారి జవాబులు మొదలయ్యాయి. వయసు యాభై మూడు. పన్నెండో ఏట పెద్దమనిషి. పందొమ్మిదో ఏట పెళ్లి. కాన్పులు రెండు.

"గర్భాలు ఎన్నండి?"

ఆవిడ వంటింటి తలుపు దగ్గరగా వేసొచ్చారు. "మూడు. మధ్యలో ఒకటి అయిదో నెలలో పోయింది. నాకు జ్వరమని మా ఆయనతో చెప్పారు మా అత్తగారు. నేనూ అదే చెప్పాను."

సుసన్నా తలెత్తకుండా రాసుకుంది. ఆ మాట ఆవిడ నోట ముప్పై ఏళ్లలో మొదటిసారి బయటికొచ్చింది. అదీ సవరమ్మ పేరు మీద.

ఆ తర్వాత సవరమ్మ వంతు. ఆమె తన సంగతులన్నీ గలగలా చెప్పేసింది. సుసన్నా వాటిని నెంబర్ ఒకటిలో రాసింది.

పదిరోజులకి రిపోర్టులు వచ్చాయి. నెంబర్ ఒకటికి కొవ్వు నూట యాభై ఎనిమిది. నెంబర్ రెండుకి రెండు వందల ఎనభై నాలుగు. నెంబర్లు రహస్యమే గానీ, రెండో నెంబరుకి మాత్రలు ఇవ్వాలంటే పేరు పిలవక తప్పదు కదా. ఆరోగ్య కేంద్రం వరండాలో "సవరమ్మా, కొవ్వు మాత్రలు" అని ఒక్క కేక వేశారు. చీకటి పడేలోగా ఊరంతటికీ తెలిసింది.

చర్చిలో సవరమ్మ గుండె కోసం ప్రార్థన జరిగింది. పక్కింటివాళ్లు వరసగా వచ్చి, నెయ్యి మానెయ్యమని చెప్పారు. నెయ్యి డబ్బా కొన్న జ్ఞాపకమే లేని సవరమ్మ, మానేస్తానని అందరికీ మాటిచ్చింది. రోజూ సాయంత్రం మాత్ర కొంగున కట్టుకుని వెళ్లి అమ్మగారికి ఇచ్చి వచ్చేది.

పెద్దింట్లో సంబరం వేరు. "మీకేం అత్తయ్యా, నూట యాభై ఎనిమిది. ఊళ్లోకెల్లా మీదే తక్కువంట" అని సాయి ప్రియ ముద్దపప్పులో నెయ్యి రెండు గరిటెలు వేసేది. వద్దనడానికి సీతారావమ్మగారికి కారణం దొరకలేదు. ఆవిడ నెయ్యి వైపు చూసి నిట్టూర్చి, కలుపుకుని తినేవారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, మామిడి కోతలు మొదలు కాకపోతే.

ఆ ఏడు తోట గుత్తకి తీసుకున్నది మైలవరం భాస్కరరావు. కోతల మొదటిరోజు కాయ కోసే చిక్కాలు పట్టుకున్న మగవాళ్లని లోపలికి పంపాడు, కాయ ఏరే ఆడవాళ్లని పంపాడు, సవరమ్మ దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు సవరమ్మా. నీకు రెండొందల ఎనభై నాలుగుందంటగా. ఈ ఎండలో నా తోటలో పడిపోయావంటే నేను మళ్లీ మైలవరం మొహం చూడను."

"ముప్పై ఏళ్లలో ఈ తోటలో కాయలు పడ్డాయి గానీ నేను పడలేదయ్యా."

"అప్పుడు కాగితం లేదు. ఇప్పుడుంది."

కోతలు ఆరు వారాలు. ఆ ఆరు వారాల కూలితోనే సవరమ్మ వానాకాలం గడవాలి. ఆమె తోట గేటు దగ్గర్నుంచి నేరుగా పెద్దింటి వసారాకి వెళ్లింది. దారిలో కనబడ్డ సుసన్నాని కూడా వెంటబెట్టుకుంది.

"అమ్మగారూ, మీ కొవ్వు మీ దగ్గర పెట్టుకోండి. నా పేరు నాకిచ్చేయండి."

"నెమ్మదిగా మాట్లాడవే, కోడలు లోపలుంది. ఈ ఒక్క సీజనూ ఓపిక పట్టు. బియ్యం బస్తా పంపిస్తాను."

"బస్తా ఎందుకండి, నాకు పని కావాలి. సీజను అయిపోయాక నా పేరుతో నాకేం పనుంటుంది?"

"భాస్కరరావుకి నేనేం చెప్పనే? ఎలా చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గు ఆ రోజు హాల్లో వదిలేశామన్నారుగా."

 సీతారావమ్మగారు మాత్ర కోసం చెయ్యి చాపారు. సవరమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఇచ్చి, సుసన్నా వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. సుసన్నాకి ఆ రాత్రంతా ఆ చూపే. ముప్పై ఫారాలూ సకాలంలో పంపినందుకు పైనుంచి ఆమెకి అభినందన వచ్చింది కూడా.

కోతలు మొదలైన పన్నెండో రోజున డాక్టర్ ప్రసన్న మళ్లీ వచ్చింది. ఫలితాల సభ. ముందు వరసలో జగన్మోహనరావుగారు, భాస్కరరావు. వెనక ఆడవాళ్లు. పట్టుచీరలో సీతారావమ్మగారు వేదిక మీద. బల్ల మీద మడత విప్పని శాలువా.

"పేర్లు చెప్పం. నెంబర్లే" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "నెలసరి ఆగిపోయే వయసులో కొవ్వు పెరగడం మామూలే. కానీ మన నెంబర్ ఒకటి గారికి నూట యాభై ఎనిమిదే. ఈవిడ జీవితం చూస్తే నాకే ఆశ్చర్యమేసింది."

ఒకటో నెంబరు చీటీ ఎవరిదో హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. సచివాలయం గోడ మీద ఫొటో ఇంకా ఉంది. సీతారావమ్మగారు తల వంచుకుని వినయంగా నవ్వారు. తర్వాత ఏం రాబోతోందో ఆవిడకి తట్టలేదు. సుసన్నాకి తట్టింది. లేచి చెప్పబోయి, చెప్పలేక, బెంచీ అంచు పట్టుకుని ఉండిపోయింది.

"పదిహేనో ఏట పెళ్లి" అని చదివింది డాక్టరమ్మ. "ఆరు గర్భాలు. నలుగురు పిల్లలు. మూడో కాన్పు మామిడితోటలో, పని మధ్యలో. ప్రతి బిడ్డకీ రెండేళ్లు దాటేదాకా పాలిచ్చారు. ఇప్పటికీ రోజుకి నలభై పెట్టెలు నెత్తిన పెట్టుకుని మోస్తారు. పెద్దింటివారై ఉండి కూడా ఎంత కష్టజీవో చూడండి."

 ముందు వరసలో జగన్మోహనరావుగారు, తనకి తెలియకుండా మరో ఇద్దరు పిల్లలున్నారన్న సంగతి అందరి ఎదుటా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నెలసరి ఆగి నాలుగేళ్లు" అని ముగించింది డాక్టరమ్మ.

వెనక వరసలోంచి సాయి ప్రియ లేచి వేదిక దగ్గరికి వచ్చింది. ఆమె ఆ ఇంటికొచ్చి మూడేళ్లయింది. "నాలుగేళ్లా అత్తయ్యా? మరి మొన్న మంగళవారం?" అంది. గొంతులో కోపం కన్నా లెక్క ఎక్కువుంది. నెలకి మూడు చొప్పున మూడేళ్లు. నూట ఎనిమిది రోజులు. అష్టోత్తరం పూర్తయింది.

సీతారావమ్మగారు గబుక్కున అన్నారు. "అయ్యో, అది నాది కాదమ్మా. ఆ ఫారం సవరమ్మది."

"మరి మీదేది మేడమ్?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆవిడ సుసన్నా వైపు చూశారు. చెప్పొద్దని ఆ చూపు బతిమాలింది. సుసన్నా సవరమ్మ వైపు చూసింది. సవరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నెంబర్ రెండండి. నేనే తారుమారు రాశాను" అంది సుసన్నా లేచి.

డాక్టరమ్మ కాగితం తిప్పింది. తిప్పి, గట్టిగా చదవకూడదని అప్పుడు జ్ఞాపకమొచ్చి నోరు మూసుకుంది. కానీ పక్కనే నిలబడ్డ సాయి ప్రియకి కళ్లున్నాయి.

"ఇక్కడ అయిదేళ్లని ఉందత్తయ్యా" అంది ఆమె.

నాలుగేళ్ల నుంచి తప్పించుకోబోయి సీతారావమ్మగారు అయిదేళ్లలో పడ్డారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే తమ ఫారాలు కూడా తిరగేస్తారేమోనని ఆడవాళ్లందరికీ భయం. గుమ్మం దగ్గర్నుంచి సవరమ్మ ముందుకొచ్చింది.

"శాలువా మీదేనండి, తీసుకోండి" అంది డాక్టరమ్మ తడబడుతూ.

"ఈ ఎండల్లో శాలువా ఏం చేసుకోనమ్మా. అదిగో, ఆయన మైలవరం భాస్కరరావుగారు. ఆయనతో ఒక్క ముక్క చెప్పండి చాలు."

డాక్టరమ్మ చెప్పింది. "ఈవిడ రిపోర్టు చాలా బాగుంది. పనికి అడ్డేమీ లేదు. వీలైతే మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి."

భాస్కరరావు పొట్ట మీది చొక్కా సర్దుకున్నాడు. "రేపు ఆరింటికల్లా రా సవరమ్మా. కాయ రంగు తిరుగుతోంది" అన్నాడు.

మర్నాడు ఆరింటికి సవరమ్మ తోటలో ఉంది. పోయిన పన్నెండు రోజుల కూలి సంగతి ఎవరూ ఎత్తలేదు. సుసన్నాకి మాత్రం మెమో వచ్చింది. పెద్దింట్లో నెయ్యి గరిటె చెమ్చా అయింది. మూడు రోజుల సెలవు విషయం అత్తాకోడళ్లు తలుపేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఇప్పుడు మూడు రోజులు అత్తగారికి, మూడు రోజులు కోడలికి. ఆ ఆరు రోజులూ ప్రేమ్‌చంద్ ఇడ్లీ పిండి రుబ్బుతున్నాడని వినికిడి.

ఒక్కటే మిగిలింది. ట్యాబ్‌లోకి ఎక్కిన పేర్లు మూడు నెలల దాకా మారవట. మారేదాకా మాత్రలు సవరమ్మ పేరు మీదే వస్తాయి. ఇక కొంగు ముడి లేదు గనక, తీసుకోవడానికి సీతారావమ్మగారే రావాలి.

ఆ బుధవారం ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన కుర్రాడు సంతోష్ కుమార్ కూర్చున్నాడు. వరండా నిండా ఊరి ఆడవాళ్లు. "సవరమ్మ" అని పిలిచాడు. గద్వాల చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ సీతారావమ్మగారు లేచారు. సుసన్నా రిజిస్టరులోంచి తలెత్తి చూసింది.

"వయసెంతమ్మా?"

"యాభై మూడు" అన్నారు ఆవిడ, వరండా చివరికి వినబడేలా.

"నెలసరి ఆగిందా?"

"అయిదేళ్లయింది బాబూ. మూడు గర్భాలు, రెండు కాన్పులు. రాసుకో."

ఆ కుర్రాడు మెచ్చుకోలుగా చూశాడు. "మీలా దాచకుండా చెప్పేవాళ్లు తక్కువమ్మా. ఆ నెంబర్ ఒకటి ఉన్నారే, ఆవిడెవరో సీతారావమ్మగారు, మీ ఊరేగా? రెండోసారి పరీక్షకి ఇంతవరకు రాలేదు. కాస్త చెబుతారా?"

సీతారావమ్మగారు మాత్రలు సంచీలో వేసుకున్నారు. 

"చెబుతాను గానీ, ఆవిడ ఇవాళ రాలేరు బాబూ. చిన్న వయసు కదా" అన్నారు ఆవిడ మెట్లు దిగుతూ. "బయట చేరారు."